ఒక్క పువ్వు కోసం

మొగ్గ కొస గోరంత మేర ఎర్రబడింది.

లెన్సమ్మ ముందు తన కళ్లనే నమ్మలేదు. కళ్లద్దాలు తీసి, ఊది, తుడిచి, మళ్లీ పెట్టుకుని, మోకాళ్ల మీద కూలబడి చూసింది. నిన్న సాయంత్రం దాకా ఆకుపచ్చ పొలుసులు కప్పుకుని ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న మొగ్గ, తెల్లారేసరికి ఆ పొలుసులు కాస్త సడలించి లోపలి ఎరుపు చూపిస్తోంది. జానెడు మొక్కగా తెచ్చి డాబా మీది తొట్టిలో నాటిన వారటా అనే ఆస్ట్రేలియా పూలమొక్క ఆరేళ్లకి మొదటి మొగ్గ తొడిగింది, ఆ మొగ్గ ఇవాళ రంగు తిరిగింది. ఆమెకి కాళ్లు నేల మీద నిలవలేదు. మెట్లు రెండేసి చొప్పున దిగుతూ, ఈ సంగతి ముందు ఎవరి చెవిన వెయ్యాలా అని ఆలోచిస్తూ పై అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి గోడ మీద కొత్త కాగితం కనిపించింది.

ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు డాబా మీది ఇటుక తొట్టి పగలగొట్టి తొలగించబడును, కారణం పై అంతస్తు కప్పు కారుట, ఇట్లు అధ్యక్షుడు అని రాసి ఉంది. ఒక్కో అక్షరం బొటనవేలంత. సంతకం, దాని కోసం గీసిన గీత మీద పడకుండా రెండు వేళ్ల కిందకి జారిపోయింది. లెన్సమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివింది. తనని ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. ఇవాళ బుధవారం.

ఆమెకి లెన్సమ్మ అని పేరు పెట్టింది అపార్టుమెంటువాళ్లే. నాలుగు వీధుల అవతల కళ్లద్దాల దుకాణంలో, వెనకనున్న చీకటి గదిలో కూర్చుని కళ్లు పరీక్ష చెయ్యడం ఆమె ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా రోజుకి పాతికమందిని అదే ప్రశ్న అడుగుతోంది: ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా? ఒకసారికి ఒక్క అద్దమే మార్చాలి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. ఆ అలవాటు ఆమెకి ఇంట్లో కూడా పోలేదు. కూరలో ఉప్పు తగ్గిందంటే ఉప్పొక్కటే వేసి, రుచి చూసి, అప్పుడు కారం సంగతి ఆలోచిస్తుంది.

ఆమె తిన్నగా వెళ్లి, పై అంతస్తులోనే ఉండే అధ్యక్షుడు ఇంజినీరుగారి తలుపు కొట్టింది. తీసింది ఆయన భార్య, చేతిలో పేపరు ఉంది. రోజూ పొద్దున్నే ఆవిడ పేపరు చదవాలి, ఆయన కళ్లు మూసుకుని వినాలి. అది ఆయన దర్జా అని అందరూ అనుకునేవారు. నీటి సరఫరా శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి దిగిపోయిన మనిషి. అపార్టుమెంటులో ఏ కుళాయి కారినా, ఏ గొట్టం పగిలినా ఆయనే పరుగెత్తుకొస్తారు. డబ్బు పుచ్చుకోరు, పొగడ్త మాత్రం పుచ్చుకుంటారు.

ఇంజినీరుగారు మంచివారే, అందుకే ఆయనతో పోట్లాడడం మరీ కష్టం. కాఫీ ఇప్పించారు. లోపలి గదిలోకి తీసుకెళ్లి కప్పు చూపించారు. మంచానికి పైన చాపంత మేర చెమ్మ, మధ్యలో సున్నం పొక్కులు లేచి రాలుతోంది. ఆ చెమ్మకి సరిగ్గా పైన తన తొట్టే ఉందని లెన్సమ్మకి తెలుసు. ఆ ముక్క కాదనలేకపోయింది.

ఒక వారం గడువు అడిగింది. తాపీమేస్త్రి మాట ఇచ్చేశాడని ఆయన అన్నారు. మొక్కని తీసి ఇంకో కుండీలో పెట్టుకోమన్నారు. అది కుదరదని ఆమె చెప్పింది. ఆ జాతి మొక్కల వేళ్లు పైపైనే, దూదిపోగుల్లా అల్లుకుని ఉంటాయి. కదిపితే తెగుతాయి, తెగితే మొక్క బతకదు. అందుకే కలుపు మొక్కని కూడా పీకకుండా కత్తెరతో కత్తిరిస్తుంది తను. ఆయన ఓపిగ్గా విన్నారు, విని నవ్వారు.

"ఒక్క పువ్వు కోసం ఇంటికప్పు తడిపేసుకోమంటావా తల్లీ?"

"ఒక్క పువ్వు కాదు బాబాయిగారూ, అది..."

"పోనీ రెండనుకో. ముప్పై నాలుగేళ్లు నీళ్లతోనే కాపురం చేశాను. అవి ఎటు నడుస్తాయో నాకు తెలియదా?"

లెన్సమ్మ కాఫీ కప్పు కింద పెట్టింది. గొంతు పెంచకుండానే అడిగింది. "నా తొట్టి వల్ల కాదని నిరూపిస్తే?"

"ఆదివారం ఎనిమిదింటిలోపు నిరూపించు. గోడ మీద కాగితం నేనే చింపుతాను."

ఆ మాటలో వెటకారం లేదు. అంత ధీమా ఉంది ఆయనకి.

అసలు చిక్కు ఏమిటంటే, ఆ తొట్టిలో ఏదో తేడా ఉందని లెన్సమ్మకీ తెలుసు. మూడు నెలలుగా మొక్కలకి ఒంట్లో బాగాలేదు. వారటా పక్కనే, గోడవైపు, దాని జాతిదే ప్రోటియా అనే ఇంకో మొక్క కూడా ఉంది. నిరుడు గిన్నెంత గులాబిరంగు పువ్వు పూసి, చూసినవాళ్ల చేత నోళ్లు తెరిపించిన మొక్క. ఇప్పుడు దాని కింది ఆకులు పసుపుపచ్చగా మారి రాలుతున్నాయి. కొత్త ఆకుల్లో ఈనెలు మాత్రమే పచ్చగా ఉండి మధ్యంతా పాలిపోయింది. కొసలు అగ్గిపుల్లతో కాల్చినట్టు నల్లబడ్డాయి. మధ్యాహ్నమయ్యేసరికి మొక్క మొత్తం వేలాడిపోతుంది. వారటా మాత్రం తొట్టి బయటి అంచున ఉండి, ఇంకా తల ఎత్తుకునే ఉంది.

ఆమె తన పద్ధతిలోనే ఒక్కో అద్దం మారుస్తూ వచ్చింది. నీడ ఎక్కువైందేమోనని అడ్డంగా ఉన్న బట్టల తీగ తీయించింది, తేడా లేదు. గాలి ఆడటం లేదేమోనని కింది కొమ్మలు తగ్గించింది, లేదు. కాండం మొదట్లో కప్పిన బెరడు ముక్కలు వెనక్కి లాగి కాండానికి ఊపిరి ఆడనిచ్చింది, లేదు. ఇక మిగిలింది తిండి. మామూలు మొక్కలకి బలం ఇచ్చే ఎరువు ఈ జాతికి విషం. ముఖ్యంగా ఎముకల పొడి. వీటి వేళ్లు సారంలేని పుల్లటి మట్టిలో బతకడానికి పుట్టాయి, విందు పెడితే అరగక చస్తాయి. ఇంట్లో ఎముకల పొడి డబ్బా ఉన్న మనిషి ఒక్కరే.

సాయంత్రం దుకాణం నుంచి రాగానే, చెప్పులైనా విప్పకుండా అత్తగారిని అడిగేసింది. అత్తగారు బాల్కనీలో గులాబీ కుండీల మధ్య పీట వేసుకుని స్వెట్టరు అల్లుతోంది. ఆవిడకి గులాబీలంటే ప్రాణం. పైనున్న మొక్కలంటే చులకన. తిండి పెట్టకూడదు, కుళాయి నీళ్లు పొయ్యకూడదు, వేళ్లు ముట్టుకోకూడదు అని కోడలు చెప్పిన నాటి నుంచీ వారటాకి మహారాణి అని పేరు పెట్టి, పొద్దున్నే మహారాణిగారు లేచారా అని అడుగుతూ ఉంటుంది.

"అత్తయ్యా, నిజం చెప్పండి. పైన తొట్టిలో ఎరువేమైనా వేశారా?"

అల్లిక సూదులు ఆగిపోయాయి. "నా గులాబీల నోటిదగ్గరి కూడు తీసి నీ మహారాణికి పెడతానా? డబ్బా చూసుకో, ఎంత ఉందో. నన్ను దొంగని చేశావు, బాగుంది."

ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. రాత్రి భోజనాల దగ్గర ఇద్దరి మధ్యా మాటల్లేవు. మధ్యలో కూర్చున్న భర్త అటు చూసి ఇటు చూసి, పులుసు బాగుందని ఇద్దరికీ విడివిడిగా చెప్పాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఎదురుగా రెండు బళ్లు అడ్డం వస్తే హారను కొట్టకుండా ఆగడం ఆయన పద్ధతి. కానీ పడుకోబోయే ముందు ఒక మాట అన్నాడు. "మొక్క జబ్బు సంగతి తర్వాత చూడొచ్చు. ముందు నీళ్లు ఎటు పోతున్నాయో చూడు. మీ దుకాణంలో కంట్లో వేసే రంగు ఉంటుందని చెప్పావు గదా, అది నీళ్లలో కలవదా?"

లెన్సమ్మ పక్క మీద లేచి కూర్చుంది. ఇన్నాళ్లూ ఈ ఆలోచన తనకెందుకు రాలేదా అనుకుంది.

కంటిపాప మీద పెట్టుకునే లెన్సు సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి దుకాణంలో ఒక రంగు కాగితం వాడతారు. సన్నటి చీటీ, కొసన నారింజరంగు పూత. కంటి అంచున తాకిస్తే నీటిలో కరుగుతుంది. దాని మీద నీలం లైటు వేస్తే పచ్చగా మెరుస్తుంది. బొట్టు రంగు బకెట్టు నీళ్లలో ఉన్నా ఆ లైటుకి దొరికిపోతుంది. గడువు దాటిన పెట్టె ఒకటి పారెయ్యడానికి మూల పడి ఉంది. యజమానిని అడిగి అది, నీలం టార్చి, చీకటిగదిలో వాడే నల్లగుడ్డ సంచిలో వేసుకుంది.

గురువారం ఆమె మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చింది. ఇరవై చీటీలు చెంబుడు వాననీటిలో నానబెట్టి తొట్టిలో పోసింది. కుళాయి నీళ్లు ఆ మొక్కలకి పడవు కాబట్టి వానాకాలంలో డ్రమ్ములు నింపి, మూతలు బిగించి, ఏడాదంతా అవే వాడుతుంది. ఇరవై నిమిషాల్లో తొట్టి ముందువైపు కన్నాల నుంచి సన్నటి పచ్చధార బయటికి వచ్చి తూములోకి జారింది. ఆ మెరుపు చూస్తే ఆమెకే ముచ్చటేసింది. తన తొట్టి తూము చక్కగా పనిచేస్తోందని రుజువైంది.

శుక్రవారం ఉదయం ఇంజినీరుగారి పడగ్గదిలో కిటికీ తెరలన్నీ వేసి, కుర్చీ ఎక్కి, కప్పంతా నీలం లైటుతో వెతికింది. ఒక్క పచ్చ చుక్క లేదు. ఇంజినీరుగారి భార్య కూడా మెడ వెనక్కి వాల్చి చూసి, ఏమీ లేదు కదండీ అంది. ఇంజినీరుగారు మాత్రం పైకి చూడనే లేదు.

"రంగు మట్టిలోనే పట్టేసి ఉంటుందమ్మా. నీళ్లు దాటుతాయి, రంగు దాటదు. ఇంకో నెలకి దిగుతుందేమో. నెలరోజులు ఆగమంటావా?"

లెన్సమ్మకి ఒళ్లు మండింది. మెట్లు దిగుతూ దిగుతూ ఆ మంట చల్లారింది, ఎందుకంటే ఆయన మాటలో న్యాయం ఉంది. ఒక అద్దం పెట్టి చూపు కుదరలేదని తేల్చడం కాదు, కుదిరేది ఏదో చూపించాలి. పోనీ నీళ్లు తొట్టివి కాకపోతే ఎక్కడివి? ఆ రోజంతా దుకాణానికి వచ్చినవాళ్లని ఇప్పుడా ఇందాకా అని అడుగుతూనే ఉంది, మనసు మాత్రం డాబా మీదే ఉంది. ఇంకా ఒక్క శనివారమే మిగిలింది.

సాయంత్రం డాబా ఎక్కేసరికి తొట్టి దగ్గర అత్తగారు ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ నాలుగు అంతస్తులు ఎక్కి రావడం ఆరునెలల్లో ఇదే మొదటిసారి. ఒక చేతిలో ఎముకల పొడి డబ్బా, ఇంకో చేతిలో పొడవాటి అల్లిక సూది.

"దొంగతనం అంటగట్టావు కదా, నా నిర్దోషిత్వం నేనే నిరూపించుకోవాలని వచ్చాను," అంది అత్తగారు. "ఇది చూడు. నువ్వు నీళ్లు పోసి ఎన్నాళ్లయింది?"

"నిన్న ఒక్క చెంబు. అంతకుముందు సోమవారం నుంచీ పొయ్యలేదు."

"మరి ఇదేమిటి?"

అత్తగారు సూదిని వారటా వైపు బయటి అంచున, వేళ్లకి తగలకుండా దింపి తీసింది. పొడిగా వచ్చింది, కొస మాత్రం కాస్త చల్లగా ఉంది. తర్వాత గోడవైపు, వాడిపోయిన ప్రోటియా వెనక దింపింది. సూది సగం దాకా నల్లటి బురద అంటుకుని వచ్చింది. ఆవిడ దాన్ని కోడలి ముక్కు దగ్గర పెట్టింది. మురుగు వాసన.

లెన్సమ్మ సూది అందుకుని మళ్లీ అక్కడే దింపి చూసింది. మూడు నెలలుగా ముందువైపు రెండు వేళ్లు గుచ్చి, పైమట్టి ఆరిందని చూసుకుని తృప్తిపడుతోంది. వెనక ఒక్కసారైనా చూడలేదు. మధ్యాహ్నం మొక్క వాడితే దాహమనుకుంది కానీ, అది నీళ్లలో మునిగి ఊపిరాడక వాడుతోందని తోచలేదు.

"ఇంకోటి చూడు," అంటూ అత్తగారు వంగి, తొట్టి వెనక గోడని గోటితో గీకింది. తెల్లటి పెచ్చు ఊడి వచ్చింది. "ఇదేమిటో తెలుసా? నా కెటిల్లో అడుగున పట్టేది ఇదే. పదేళ్లుగా గీకుతున్నాను, నాకు తెలియదూ? ఇది మన బోరునీళ్ల ఉప్పు."

"నేను ఈ తొట్టిలో వాననీళ్లు తప్ప పొయ్యనే," అంది లెన్సమ్మ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాననీళ్లకి ఉప్పుండదు. తొట్టిలోకి బోరునీళ్లు వస్తున్నాయి. పసుపు ఆకులు, పచ్చ ఈనెలు, నల్లబడిన కొసలు, అన్నీ ఒక్కసారిగా వరసలో వచ్చి నిలబడినట్టయింది ఆమెకి.  తొట్టికి మూడువైపులే ఇటుకలు, నాలుగోవైపు ట్యాంకు గది గోడే. ఆరేళ్ల కిందట ఒక వరస ఇటుకలు మిగులుతాయని తనే అలా కట్టించింది. ఆ గోడలో నిరుడు ఒక గొట్టం వచ్చి చేరింది. ట్యాంకు నిండాక పొంగే నీళ్లు అంతెత్తు నుంచి పడి బట్టల మీద చిందుతున్నాయని అందరూ గోల పెడితే, గోడ తొలిచి, గొట్టం లోపల పెట్టి, పైన సిమెంటు పూసి, తూము దాకా దింపారు. ఆ పని చేసింది ఇంజినీరుగారే, అతుకులు కూడా స్వయంగా ఆయనే వేశారు. ఆ రోజు డాబా మీద అందరూ చప్పట్లు కొట్టారు, లెన్సమ్మ కూడా కొట్టింది.

"అత్తయ్యా, నన్ను క్షమించండి," అంది లెన్సమ్మ.

"క్షమించడం తర్వాత. ముందు నన్ను మెట్లు దింపు," అంది అత్తగారు. దిగుతున్నంతసేపూ ఆవిడ మొహం వెలిగిపోతూనే ఉంది.

శనివారం ఉదయం ఆరున్నరకి మోటారు వేశారు. భర్త డ్యూటీ మార్చుకుని, నిచ్చెన వేసుకుని ట్యాంకు పక్కకి ఎక్కాడు. పొంగు గొట్టం మూతి ట్యాంకు పైఅంచున ఉంటుంది. అందులోకి పోసింది కుళాయిల్లోకి రాదు, నేరుగా కిందకే. మిగిలిన ఎనభై చీటీల్లో అరవై నానబెట్టిన నారింజరంగు నీళ్లు లెన్సమ్మ రెండు చెంబులుగా అందించింది. ఆయన పోశాడు. ట్యాంకు నిండింది, పొంగు మొదలైంది, నీళ్లు గోడ లోపల గలగలమంటూ దిగాయి.

లెన్సమ్మ నల్లగుడ్డ నెత్తి మీదుగా కప్పుకుని, ప్రోటియా వెనక గోడకి మొహం ఆనించి, టార్చి పట్టుకుని కూర్చుంది. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ ఇదేమిటని అడిగింది. ఫొటో తీస్తోందని అత్తగారు మెట్ల గదిలోంచే జవాబిచ్చింది. అత్తగారు అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చుంది, ఏం జరిగినా ముందు తనకే చెప్పాలని షరతు పెట్టింది.

పది నిమిషాలు ఏమీ లేదు. గుడ్డ కింద చెమట పోస్తోంది. పావుగంట. గోడ నల్లగా, ముద్దగా ఉంది. లెన్సమ్మకి భయం వేసింది, ఇది కూడా తప్పయితే ఇంక చేతిలో అద్దాలు లేవు. అప్పుడు ఆమె మోచేతి ఎత్తున, సిమెంటు పూతలో, వెంట్రుకంత సన్నటి గీత ఒకటి పచ్చగా వెలిగింది. ముందు చిన్న ముక్క. చూస్తూ ఉండగానే పక్కకి పాకింది, కిందకి వంగింది, తొట్టి మట్టిలోకి దిగిపోయింది. ఇంకో పాయ గోడలోంచి తిన్నగా డాబా నేల మొదట్లోకి పోయింది, ఇంజినీరుగారి పడగ్గది కప్పులోకి.

ఆమె గుడ్డ విసిరేసి లేచింది. రెండు చేతులూ ఊపుతోంది. భర్త నిచ్చెన దిగడం మర్చిపోయి పై నుంచే ఏమైంది ఏమైంది అన్నాడు. ఆమె మెట్ల గదిలోకి పరుగెత్తి అత్తగారి రెండు బుగ్గలూ పట్టుకుని, పచ్చగా ఉంది, పచ్చగా ఉంది అంది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు గుర్తు లేవు. లేచి వెళ్లి, గుడ్డ కప్పుకుని, తను కూడా చూసి వచ్చింది. ముగ్గురూ వంతులవారీగా చూశారు, మళ్లీ చూశారు. ఆ రోజు దుకాణంలో లెన్సమ్మ ఒక పెద్దాయన కుడికంటి అద్దం ఎడమకంటికి పెట్టబోయి నాలుక కరుచుకుంది.

ఆదివారం ఎనిమిదింటికి డాబా మీద ఇరవైమంది దాకా చేరారు. తాపీమేస్త్రి సుత్తీ ఉలీ పట్టుకుని తొట్టి పక్కన నిలబడ్డాడు. వారటా మొగ్గ ఇప్పుడు పిడికిలంత ఉంది, సగం ఎర్రగా ఉంది. దాన్ని చూసి ఒకరిద్దరు అయ్యో అన్నారు కానీ, కప్పు కారడం కూడా కళ్ల ముందు మాటే. మోటారు వేయించి, మిగిల్చిన ఇరవై చీటీలతో ముందే ఇంకో చెంబు రంగు పోయించి ఉంచింది లెన్సమ్మ. రాత్రంతా మాటలు సిద్ధం చేసుకుంది. ముందు గుడ్డ కప్పి అందరికీ చూపించాలి, ఆ గొట్టం ఎవరు వేశారని తర్వాత అడగాలి, ఆయన మొహం చూడాలి. బుధవారం నుంచీ ఆ ఒక్క క్షణం కోసమే కాచుకుని ఉంది, ఆ మాట దాచుకోవడం ఎందుకు.

"ముందు మీరు చూడండి బాబాయిగారూ," అంది.

ఇంజినీరుగారు మర్యాదకి వంగి, గుడ్డ కప్పుకున్నారు. లెన్సమ్మ కూడా పక్కన తల దూర్చి లైటు పట్టింది. పచ్చగీత మిలమిల మెరుస్తోంది, ఇప్పుడు వేలి వెడల్పు ఉంది.

"ఏదీ?" అన్నారు ఆయన.

"ఇదిగో, ఎదురుగానే."

ఆయన మొహం వెనక్కి లాక్కున్నారు, ముందుకి తెచ్చారు. తల కుడివైపు వాల్చి, ఎడమకన్ను చికిలించారు. "ఆ, ఆ, కనిపించింది," అన్నారు. చూపు మాత్రం గీతకి జానెడు పక్కనున్న ఉత్త గోడ మీద ఉంది.

లెన్సమ్మ గోడ వదిలి ఆయన మొహంకేసి చూసింది. ఆ తల వాల్చడం ఆమె వేలసార్లు చూసింది. చీకటిగదిలో కూర్చుని, కనపడని అక్షరాన్ని కనపడిందని చెప్పే మనుషులు సరిగ్గా అలాగే చేస్తారు. బొటనవేలంత అక్షరాలు, గీత తప్పిన సంతకం, చదివించుకునే పేపరు, కప్పుకేసి ఎత్తని మొహం, నాలుగు రోజులుగా అన్నీ ఆమె ముందే ఉన్నాయి. ఆ వృత్తిలోనే ఉండి ఒక్కటీ పట్టించుకోలేదు. ఈ మనిషి నిరుడు ఆ గొట్టం అతుకు కళ్లతో చూసి వెయ్యలేదు, చేత్తో తడుముకుని వేశారు. ఎవరికీ తెలియకూడదని వేశారు.

బయట ఇరవైమంది చూస్తున్నారు. దాచుకున్న మాట నాలుక చివరన ఉంది. ఆమె దాన్ని మింగేసింది. లైటు ఆర్పి, ఆయన కుడిచెయ్యి పట్టుకుని, చూపుడువేలు తీసుకెళ్లి గోడ మీది ఆ చోట పెట్టింది.

"కళ్లతో కాదు బాబాయిగారూ, చేత్తో చూడండి. మీ చెయ్యి చెబుతుంది," అంది, ఆయనకి మాత్రమే వినపడేలా.

వేలు కాసేపు కదల్లేదు. తర్వాత నెమ్మదిగా నడిచింది. చెమ్మ వెంట పైకి వెళ్లింది, కిందకి వచ్చింది, ఒకచోట ఆగి రెండుసార్లు నొక్కింది. ముప్పై నాలుగేళ్ల పనిమంతుడి వేలు అది, పొరపడలేదు. గుడ్డ కింద ఆయన ఊపిరి బరువుగా వినిపించింది. నీకు తెలిసిపోయిందా అని అడిగారు. తెలిసిందంది లెన్సమ్మ. చూపు తగ్గి ఎన్నాళ్లయిందని ఆమె అడిగితే రెండేళ్లన్నారు.

ఆయన గుడ్డ తీసి నిటారుగా నిలబడ్డారు. లెన్సమ్మ తొందరగా, గోడలో పాత సిమెంటు ఏదో పగిలినట్టుందని అందరితో అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"పాత సిమెంటు కాదు. నా అతుకే. నిరుడు నేను వేసిందే కారుతోంది. నాకు చూపు సరిగా లేదు, ఆ ముక్క చెప్పకుండా పని నెత్తిన వేసుకున్నాను." ఆయన వేలు మళ్లీ గోడ మీద అదే చోట ఆనించి మేస్త్రి వైపు తిరిగారు. "తొట్టి జోలికి పోకు. ఇక్కడ, నా వేలు ఉన్నచోట, గోడ తియ్యి."

 ఆయన భార్య పేపరు చదివినన్నాళ్లూ మోసిన బరువు దిగినట్టు మెట్ల మీద కూర్చుండిపోయింది. మేస్త్రి గోడ తొలిచాడు. ఆయన వేలు పెట్టిన చోటికి అంగుళం పక్కన అతుకు దొరికింది, సగం చుట్టూ జిగురే లేదు. మెట్లు దిగుతూ ఇంజినీరుగారు గోడ మీది కాగితం తడిమి పట్టుకుని, చింపి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

ప్రోటియా బతకలేదు. దాని వేళ్లు ఎప్పుడో కుళ్లిపోయాయి. లెన్సమ్మ దాన్ని పీకలేదు, పక్కవేళ్లు తెగుతాయని కాండం మొదటికి కోసేసింది. ఆ రోజు ఏడ్చింది కూడా. గోడకీ మట్టికీ మధ్య ఆరేళ్ల కిందట పెట్టాల్సిన ఇటుకల వరస ఈసారి పెట్టించింది. వెనకమట్టి ఆరడానికి వారం పట్టింది. అత్తగారు రోజూ సూది గుచ్చి చూసి వచ్చి, ఆస్పత్రి నర్సులా వివరం చెప్పేది. మహారాణి అనడం మానలేదు కానీ, గొంతులో వెటకారం పోయింది.

పన్నెండో రోజు ఉదయం వారటా విచ్చుకుంది. లెన్సమ్మ ఈసారి ముందు ఎవరికి చెప్పాలా అని ఆలోచించలేదు. దుకాణం నుంచి అడిగి తెచ్చుకున్న అద్దాల పెట్టె, గుండ్రటి ఇనప ఫ్రేము తీసుకుని పై అంతస్తు తలుపు కొట్టింది. కళ్లు చూపించుకోవడానికి దుకాణానికి రమ్మంటే ఇంజినీరుగారు మూడుసార్లు వాయిదా వేశారు. డాబా మీదికైతే రాక తప్పలేదు.

ఆయన్ని తొట్టి ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్రేము ముక్కు మీద పెట్టి, ఒక అద్దం దోపింది. ఎదురుగా ఎర్రగా ఏదో ముద్ద ఉందన్నారు ఆయన. ఒక అద్దం తీసి ఇంకోటి పెట్టింది. ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా అని అడిగింది. ఇప్పుడే అన్నారు. ఇంకోటి పెట్టింది. ఇందాకే అన్నారు. ఆమె అద్దం పవరు అర అంకె తగ్గించింది.

 ఇంజినీరుగారు కుర్చీలోంచి ముందుకి వంగారు, ఫ్రేము జారకుండా ఒక చేత్తో పట్టుకున్నారు. కింద ఎర్రటి రేకులు పళ్లెంలా పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య గుండ్రంగా లేచిన గుబ్బ నిండా, సన్నగా, కొసలు లోపలికి వంగిన చిన్నచిన్న గొట్టాలు, ఒక్కోటి ఒక్కో పువ్వు. కింది వరస విడింది, పైవి ఇంకా విడాలి.

"ఒక్క పువ్వన్నాను కదూ," అన్నారు ఆయన.

"అన్నారు."

ఆయన వేలు ముందుకి వచ్చింది. తాకకుండా, వెంట్రుకవాసి దూరంలో నిలబడి, కింది వరస నుంచి లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నలభై దాటాక ఎక్కడో తప్పారు. లెన్సమ్మ అందించబోయింది, వద్దని తల ఊపారు. ఫ్రేము సరిచేసుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.